పరాయివారికి రొక్కము, ఇంటివారికి ఖాతా



ఒకాయన ఇంటిలో భార్యమీద కేకలు వేయుచున్నాడు. కారణము పెద్దది కాదు, కూరలో ఉప్పు ఎక్కువైనది. అంతలో వాకిట ఎవరో పిలిచిరి. ఆయన బయటకు వచ్చి, “రండి, దయచేయండి, మంచినీళ్లు పుచ్చుకోండి” అని ఎంతో మృదువుగా పలికెను. వచ్చినవాడు అప్పు అడుగుటకు వచ్చెను! అయినను అతనికి దొరికిన మర్యాదలో పదియవ వంతైనను కూర వండిన ఆమెకు దొరకలేదు. ఈ పెద్దమనిషి ఎవరని వెదకనక్కరలేదు. నీవును నేనును ఆయనకు దగ్గర చుట్టములమే.

నా తప్పు ముందుగా ఒప్పుకొందును. కొన్ని సంవత్సరముల క్రిందట, ఒక భార్యాభర్తల తగవు తీర్చుటకు పొరుగు గ్రామమునకు వెళ్లితిని. ఓర్పునుగూర్చి గంటసేపు బోధించితిని. వారు కన్నీళ్లతో సమాధానపడిరి. ప్రభువును స్తుతించుచు ఇల్లు చేరుసరికి చాల ప్రొద్దుపోయినది, అన్నము చల్లారినది. నేను విసుగుకొని నాలుగు మాటలంటిని. నా భార్య మారు పలుకక అన్నము వేడిచేసి వడ్డించి, “ఆ ఊరిలో పంచిన ఓర్పు ఇంటికి కొంచెమైనా మిగిల్చి తేకపోయారా అండీ?” అని మాత్రము అడిగెను. నేను విన్న ప్రసంగములలో అంత చిన్నదియు, అంత లోతుగా తగిలినదియు మరియొకటి లేదు.

మనమెందుకిట్లున్నాము? “ఇంటిలో కూడ నటించవలెనా? నా స్వభావమే ఇంత” అని కొందరందురు. ఈ మాట నిలువదు. వాకిట మృదువుగా పలికినది మరియొకని నాలుక కాదు, అదే నాలుక. కాబట్టి మనకు శక్తి లేక కాదు. అసలు సంగతి వేరు. పరాయి కొట్టులో రొక్కమిచ్చి సరకు తెత్తుము. అన్నగారి కొట్టులో ఖాతా వ్రాయించుదుము. అన్నగారు ఎక్కడికి పోవును, తరువాత ఇయ్యవచ్చును అని మన ధైర్యము. అట్లే ఇంటివారు మనలను విడిచిపోరను నమ్మకముతో వారికి చెల్లింపవలసిన ప్రేమను వాయిదా వేయుదుము. వారి నమ్మకమునే మన మొరటుతనమునకు పెట్టుబడిగా వాడుకొందుము. ఇది స్వభావము కాదు, బాకీ.

స్నేహములోను ఇంతే. యోబు స్నేహితులు ఏడు దినములు రాత్రింబగళ్లు నేలమీద అతనితో మౌనముగా కూర్చుండిరి. వారు చేసిన మేలంతయు ఆ ఏడు దినములలోనే చేసిరి. తరువాత స్నేహితులము గనుక దిద్దు హక్కు మాకున్నదని నోరు తెరచిరి. పుండ్లమీద కారము చల్లిరి.

గొప్ప భక్తులకును ఈ పరీక్ష తప్పలేదు. జాన్ వెస్లీ 1751లో మేరీ వజీల్ అను విధవరాలిని పెండ్లాడెను. పెండ్లియైనను సువార్త ప్రయాణములు తగ్గింపలేదు. ఆమెకు అనుమానములు, ఆయనకు తీరిక లేమి. 1771లో ఆమె ఇల్లు విడిచి వెళ్లెను. 1781లో ఆమె మరణింపగా, సమాధి కార్యము జరిగిన తరువాతనే ఆయనకు ఆ వార్త తెలిసెను. తప్పు ఎవరిదో తీర్చుట మన పని కాదు. వేలకొలది జనులను దేవునియొద్దకు నడిపించుటకంటెను ఒక్క మనుష్యురాలితో ఒక్క యింట కాపురము చేయుట కష్టమైన పరిచర్య కావచ్చునని తెలిసికొనిన చాలును.

అకుల ప్రిస్కిల్లలను చూడుము. క్రొత్త నిబంధనలో ఆరు చోట్ల వారి పేళ్లున్నవి. ఒక్క చోటనైనను ఒకరు లేక ఒకరు లేరు. డేరాలు కుట్టి జీవించిరి, తమ యింటనే సంఘమును చేర్చుకొనిరి. కలిసి కుట్టునప్పుడు ఒకరి సూది ఒకరికి ఎన్నడును గుచ్చుకొనలేదని ఎవరు చెప్పగలరు? అయినను డేరా చినుగలేదు.

ఒక హెచ్చరిక. ఓర్పు స్త్రీలకు మాత్రమే ఇయ్యబడిన ఆజ్ఞ కాదు. దెబ్బలు దాచుకొనుట ఓర్పును కాదు. భార్యను కొట్టువాడు ఈ మాటలు ఆమెకు చదివి వినిపింపకూడదు. తానే మోకరించి చదువుకొనవలెను.

చదువరీ, పాత బాకీ అంతయు ఒక్క దినమున తీరదు. ఈ రాత్రి భోజనమునకు కూర్చున్నప్పుడు, వడ్డించు చేతిని ఒక్కసారి చూచి, అతిథికి చెప్పు మంచి మాటలలో ఒకటి ఆమెకు చెప్పుము. ఆమె ఆశ్చర్యపడి, “ఒంట్లో బాగాలేదా?” అని అడుగవచ్చును. అప్పుడు బాకీ ఎంత పెరిగినదో నీకే తెలియును.

ప్రభువా, వాకిట మాకిచ్చిన నాలుకనే వంటింటిలోను మాకు దయచేయుము. ఆమేన్.