ఊగే బండి, ఒరిగే తేరు: భారం ఎవరిది?

ఆయుధపూజ నాడు హోసూరు రోడ్డు పొడవునా బళ్లకు పెళ్లికళ వస్తుంది. నిన్న షోరూం నుంచి దిగిన థార్ అయినా, ఇరవై ఏళ్లు తిరిగిన జిప్సీ అయినా బానెట్‌ మీద బంతిపూల దండ, అద్దానికి గంధం బొట్టు, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. బూడిద గుమ్మడికాయ పగలగొట్టి, నిమ్మకాయలు తొక్కించి బండిని ముందుకు కదిలిస్తారు. పండుగ అయ్యాక అదే బండి మెకానిక్ ముందు నిలబడుతుంది. మలుపు తిరిగేటప్పుడు మరీ ఊగుతోంది, స్వే బార్ మార్చితే తగ్గుతుందా అని యజమాని అడుగుతాడు. నిమ్మకాయను నమ్మినవాడికి స్వే బార్‌తో పనేమిటని అతన్ని ఎవరూ నిలదీయరు. పూజ పూజే, రిపేరు రిపేరే. మనిషి బండి విషయంలో ఈ సర్దుబాటు ఎప్పుడో కుదిరిపోయింది. దేవుడి బండి విషయంలోనే ఇంకా తేలలేదు.

బెంగళూరు దక్షిణపు కొసన, ఎలక్ట్రానిక్ సిటీ దాటాక వచ్చే ఊరు హెబ్బగోడి. 2025 ఆగస్టు 10న మొదలైన మెట్రో యెల్లో లైన్‌లో హుస్కూరు రోడ్, హెబ్బగోడి పక్కపక్క స్టేషన్లు. ఇటు బయోకాన్, బొమ్మసంద్ర ఫ్యాక్టరీలు, ఉద్యోగాలకు వచ్చిన తెలుగువాళ్లతో నిండిన పీజీలు, ఆంధ్రా మెస్సులు. అటు ఆనేకల్ తాలూకా పల్లెలు. ఆ పల్లెలన్నీ కొలిచే దేవత హుస్కూరు మద్దూరమ్మ. ఏటా మార్చి, ఏప్రిల్ రోజుల్లో జరిగే ఆమె జాతరకు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఎవరి తేరు వాళ్లు కట్టి తెస్తారు. వంద అడుగులు దాటిన తేర్లవి. ఎడ్లు, ట్రాక్టర్లు, జేసీబీలు కలిసి లాగుతాయి. పైనుంచి దిగిన మోకులను పట్టుకుని జనం నలువైపులా నడుస్తారు.

2024 ఏప్రిల్ 6న హెబ్బగోడికి దగ్గరలోని హీలలిగె తేరు జాతరకు వస్తూ కూలిపోయింది. దాని ఎత్తు సుమారు 120 అడుగులు. అదృష్టవశాత్తు ఎవరి ప్రాణమూ పోలేదు. మరుసటి ఏడాది మార్చిలో గాలివానకు మళ్లీ తేర్లు పడ్డాయి. ఆసారి ప్రాణనష్టం జరిగింది, పలువురు గాయపడ్డారు.

ఇలాంటప్పుడు రెండు మాటలు వెంటనే వినిపిస్తాయి. అమ్మవారికి ఏదో లోటు చేశామన్నది ఒకటి, ఇదంతా మూఢభక్తి అన్నది రెండోది. ఈ తగవు తీర్చాలంటే అసలు బండి ఎందుకు ఒరుగుతుంది, ఒరగకుండా ఆపేది ఏది, దానికి మూల్యం చెల్లించేది ఎవరు అన్న ప్రశ్నల దగ్గర మొదలుపెట్టాలి. అందుకు స్వే బార్ మంచి గురువు.

స్టెబిలైజర్ బార్, యాంటీ రోల్ బార్ అని కూడా పిలిచే ఈ వస్తువు చూడ్డానికి వంచిన ఉక్కు కడ్డీ, అంతే. కెనడాకు చెందిన స్టీఫెన్ కోల్‌మన్‌కు 1919లో దీనిపై పేటెంటు దక్కింది. మధ్యభాగాన్ని రబ్బరు బుష్‌లతో చాసిస్‌కి బిగిస్తారు, రెండు చివరలను లింక్ రాడ్లతో ఎడమ, కుడి చక్రాల సస్పెన్షన్‌కి కలుపుతారు. రెండు చక్రాలూ ఒకేసారి లేస్తే బార్ బుష్‌లలో తిరుగుతుందే తప్ప అడ్డుపడదు. ఒకటి లేచి రెండోది దిగితే మాత్రం పిండుతున్న తడిబట్టలా మెలి తిరుగుతుంది. తిరిగి సాపు కావాలన్న ఆ పట్టుదలే బండిని నిటారుగా నిలబెడుతుంది.

ఈ కడ్డీ మందంలో చిన్న తేడా చాలు, బండి నడతే మారిపోతుంది. బిగువు వ్యాసపు నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. 25 మిల్లీమీటర్ల బార్ తీసి 30 మిల్లీమీటర్లది వేస్తే బిగువు రెట్టింపు దాటుతుంది. కొన్ని బార్ల చివర రెండు మూడు రంధ్రాలుంటాయి. లింక్ రాడ్‌ని లోపలి రంధ్రానికి మార్చితే చేయి పొడవు తగ్గి, బార్ ఇంకా బిగుసుకుంటుంది. ముందు బార్ బాగా బిగిస్తే మలుపులో ముందు చక్రాల పట్టు ముందుగా సడలి, స్టీరింగ్ తిప్పినంతగా బండి తిరగదు. వెనక బార్‌ని అతిగా బిగిస్తే తోక విసురుతుంది. అందుకే తెలిసిన మెకానిక్ ఒక్క బార్ మార్చి ఊరుకోడు, ముందూ వెనకా పొత్తు చూస్తాడు.

ఇక్కడే చాలామంది యజమానులకు తెలియని విషయం ఒకటుంది. స్వే బార్ వేసినంత మాత్రాన మలుపులో బయటి చక్రాల మీదికి వాలే మొత్తం భారం తగ్గిపోదు. ఆ భారాన్ని నిర్ణయించేవి బండి బరువు, గురుత్వ కేంద్రం ఎత్తు, చక్రాల మధ్య వెడల్పు, మలుపు తీసుకునే వేగం. బార్ చేసే పని వేరు. క్యాబిన్ ఒరగడాన్ని తగ్గిస్తుంది, ఆ భారంలో ముందు చక్రాలది ఎంత, వెనక చక్రాలది ఎంత అని వాటాలు వేస్తుంది. లోపల కూర్చున్నవాడికి ఊపు తగ్గి హాయిగా ఉంటుంది, భారం మాత్రం ఏదో ఒక టైరు మోస్తూనే ఉంటుంది.

తారురోడ్డు దిగితే కథ తిరగబడుతుంది. రాళ్లలో ఒక చక్రం బండరాయి ఎక్కితే రెండోది గుంతలోకి దిగాలి. బార్ దిగనివ్వదు. చక్రం గాల్లో తేలి ఉత్తినే తిరుగుతుంది, బండి కూరుకుపోతుంది. అందుకే ఆఫ్‌రోడ్ వాళ్లు రాళ్లు మొదలయ్యే చోట ఆగి, లింక్ రాడ్లు ఊడదీసి పక్కకు కట్టేస్తారు. జీప్ ర్యాంగ్లర్ రూబికాన్‌లో 2007 నుంచి ముందు బార్‌ని ఒక మీటతో విడదీసే ఏర్పాటుంది. వేగం గంటకు 29 కిలోమీటర్లు దాటితే అదే మళ్లీ కలిసిపోతుంది. టయోటా కేడీఎస్ఎస్‌లో ముందు, వెనక బార్లను హైడ్రాలిక్ గొట్టాలతో కలిపారు. మలుపులో బార్లు బిగుస్తాయి, గుంతల్లో ద్రవం అటూ ఇటూ పారి చక్రాలకు స్వేచ్ఛ దొరుకుతుంది. బంధం ఎక్కడ మేలో, విడుదల ఎక్కడ మేలో నేలే చెబుతుంది. లింకులు ఊడదీసిన బండితో అలాగే హైవే ఎక్కి దూసుకుపోయేవాడు మాత్రం తన ప్రాణాన్నే కాదు, పక్క బండిలో వాళ్ల ప్రాణాన్నీ పణం పెడుతున్నాడు.

దైవం, పురుషకారం అన్న పాత చర్చలోకి ఈ లెక్క తిన్నగా వచ్చి కూర్చుంటుంది. యాజ్ఞవల్క్య స్మృతి రాజధర్మం చెప్పే చోట ఈ చర్చకు రథాన్నే సాక్ష్యంగా తెచ్చింది. ఒక చక్రంతో రథం ఎలా నడవదో, మనిషి ప్రయత్నం లేకుండా దైవం కూడా అలాగే ఫలించదన్నది దాని వాదం. దైవాన్ని కాదనలేదు, రెండో చక్రం ఏదని అడిగింది. అదీ రాజ్యం నడిపేవాడికి చెప్పిన మాటల్లో అడిగింది. కనుక తేరు కట్టేటప్పుడు కొలతలు, లెక్కలు అడగడం భక్తికి తక్కువ అనే వాదన ధర్మశాస్త్రం ముందే నిలవదు.

ఇప్పుడు తేరు దగ్గరికి వద్దాం. 120 అడుగులంటే 36 మీటర్ల పైమాట. ఉదాహరణకు ఒక తేరు పాదం 4 మీటర్ల వెడల్పు, గురుత్వ కేంద్రం నేల నుంచి 12 మీటర్ల ఎత్తు అనుకుందాం. అది తొమ్మిదిన్నర డిగ్రీలు ఒరిగితే చాలు, ఇక తనంతట తాను లేవదు. అంటే ఒక పక్క చక్రాలు రెండో పక్క కన్నా రెండడుగుల పైచిలుకు లోతుకు దిగితే సరిపోతుంది. గాలి తోస్తే అంత కూడా అక్కర్లేదు. ఇదే లెక్కన మామూలు ఎస్‌యూవీ బోల్తా పడాలంటే 45 డిగ్రీల దరిదాపుల్లో ఒరగాలి.

మరి తేరుకు స్వే బార్ ఏది? ఆ మోకులే, వాటిని పట్టుకున్న మనుషులే. ఉక్కు కడ్డీ రెండు వైపులా మెలి తిరగగలదు, మోకు ఒక వైపే లాగగలదు. తేరు ఎడమకు ఒరిగితే పని చేసేవి కుడి మోకులే. ఆ క్షణంలో ఎడమ వైపు వాళ్లు తమ మోకులను వదులు చేయాలి. హడావుడిలో వాళ్లు కూడా బలంగా లాగితే, ఆపాలనుకున్న చేతులే తేరును తమ మీదికి లాక్కుంటాయి. పైగా మోకు పట్టుకున్నవాడికీ తేరుకూ మధ్య దూరం తేరు ఎత్తు కన్నా తక్కువైతే, అతను నిలబడేది తేరు పడే చోటే. అంత ఎత్తున ఎంత భారం ఎటు వాలినా చివరికి మోసేది ఆ కుర్రాళ్ల అరచేతులు.

తేరు ఎత్తు నిర్ణయించింది వాళ్లు కాదు. పక్క ఊరి తేరు కన్నా మన తేరు ఒక అంతస్తు పైకి ఉండాలన్న పట్టుదల పుట్టినప్పుడల్లా గురుత్వ కేంద్రం పైకి పోతుంది. ఆ ఘనత ఊరంతటిది, దాని భారం మోకు పట్టినవాడిది. భక్తి గురించి అడగాల్సిన అసలు ప్రశ్న ఇక్కడుంది.

భక్తుల పక్షాన ఒక గట్టి జవాబు ఉంది, దాన్ని కొట్టిపారేయకూడదు. మొక్కులో కష్టం ఉంటుంది, ప్రమాదమూ ఉంటుంది, తెలిసే వస్తాం, కొండలెక్కే వాళ్లను ఎవరూ ఆపరు కదా అంటారు. తెలిసి వచ్చినవాడి వరకు ఈ మాట సబబే. కానీ తేరు పడేటప్పుడు మొక్కుకున్నవాడెవరో, దారి పక్కన నిలబడి చూస్తున్న పిల్ల ఎవరో చూసి పడదు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథాన్ని లాగే బండి ఆగిపోతే యువకులు చేతులతో లాగారు. రథం కరెంటు తీగకు తగిలి అయిదుగురు చనిపోయారు. అక్కడ ఎత్తు సమస్య తీగలది, హుస్కూరులో గాలిది. రెండు చోట్లా తప్పిదం ఒకరిది, భారం ఇంకొకరిది.

సంప్రదాయం ఈ సంగతి ఎరగనిది కాదు. పూరీ మూడు రథాలను ఏటా కొత్తగా చేస్తారు. నందిఘోషకు 16 చక్రాలు, తాళధ్వజానికి 14, దర్పదళనానికి 12. ఏదీ సుమారు 45 అడుగులకు మించదు. కొలత ఆచారంలోనే ఉంది కనుక పోటీకి చోటు లేదు. తమిళనాడు తిరువారూరు తేరు అలంకరణతో 96 అడుగులు, బరువు దాదాపు 300 టన్నులు. దానికి తిరుచ్చి బీహెచ్ఈఎల్ హైడ్రాలిక్ బ్రేకులు అమర్చింది. అక్కడి దేవుడు త్యాగరాజస్వామి మహిమ దానివల్ల తగ్గిందని ఎవరూ అనలేదు. మన అంతర్వేదిలో 2020 సెప్టెంబరులో రథం కాలిపోతే, 2021 రథసప్తమికి సుమారు 40 అడుగుల కొత్త రథం సిద్ధమైంది. ఎత్తు పెంచాలన్న ఆరాటం లేకుండానే ఉత్సవం సాగింది.

అలాగని తేర్లన్నీ నిషేధించాలని అధికారులు తలిస్తే, అది రాళ్లలో కూడా లావుపాటి స్వే బార్‌తో వెళ్లడమే అవుతుంది. ఊళ్లు కలిసి ఒక పెద్ద వస్తువును కట్టడం, లాగడం, దారి పొడవునా ఒకరి మీద ఒకరు ఆధారపడటం, ఇదంతా జాతర ఇచ్చే ఫలం. దాన్ని పోలీసు బారికేడ్ల మధ్య నిలిపేస్తే అమ్మవారు ఉన్నచోటే ఉంటుంది, ఊళ్లు మాత్రం దూరమవుతాయి. కావలసింది నిషేధం కాదు, నేలనుబట్టి బిగించడం, వదలడం తెలిసిన పనితనం.

హుస్కూరు జాతరకు తేర్లు కట్టే ఊళ్ల పెద్దలు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. అన్ని ఊళ్లూ కూర్చుని ఒకే గరిష్ఠ ఎత్తు ఒప్పుకోవాలి. పాదం వెడల్పు ఎంతుంటే ఎంత ఎత్తు కట్టవచ్చో ఇంజినీరు చేత లెక్క రాయించాలి, ఆ దగ్గరలో ఇంజినీర్లకు కొదవ లేదు. ఎంత గాలి వీస్తే తేరు ఆపాలో ముందే చెప్పుకోవాలి. నాలుగు వైపుల మోకులకూ ఆదేశం ఇచ్చే మనిషి ఒక్కడే ఉండాలి. తేరు ఎత్తు ఎంతో అంత దూరం వరకు చూసేవాళ్లను రానివ్వకూడదు. ఇవన్నీ తేరుకు మొదటి మోకు కట్టకముందే తేలాలి, కూలాక కాదు. మోకు పట్టబోయే కుర్రాళ్లను కూడా ఆ సమావేశానికి పిలవండి, ఎత్తు ఎంతుండాలో ముందు వాళ్లను అడగండి.