ఎనిమిది సంగతి చెప్పలేదు

నేను బీడీ ముట్టలేదు, చుట్ట ముట్టలేదు. మా ఇంట్లో మగవాళ్ళకూ ఆ అలవాటు లేదు. అయినా నాకు వచ్చింది పొగ తాగేవాళ్ళ జబ్బని అందరూ అనుకునే ఊపిరితిత్తుల జబ్బు, సి.ఓ.పి.డి. "కట్టెల పొయ్యి మీద వండారా అమ్మా?" అని డాక్టరు గారు అడిగారు. వండకపోతే ఎట్లా! పల్నాడులో మా అత్తగారి ఊళ్ళో పత్తికట్టె, మిరపకట్టె, కందికంప, వానాకాలమైతే సగం తడిసిన పిడకలు. బడికి పోయేముందు ఒకసారి పొయ్యి, బడి నుంచి వచ్చాక మళ్ళీ పొయ్యి. ఊదుగొట్టంతో అన్నేళ్ళు మంట రాజేసిన మనిషిని, అరవై దాటాక ఆస్పత్రిలో కూర్చోబెట్టి ఇంకో గొట్టంలోకి ఊదమన్నారు. ఊపిరి చాలలేదు.

మన దేశంలో ఈ జబ్బున్నవాళ్ళు 5.5 కోట్ల మంది ఉంటారని 2016 నాటి అంచనా. వాళ్ళలో నాబోటి పొయ్యి దగ్గరి ఆడవాళ్ళు తక్కువేమీ కాదు. జబ్బు సంగతి అంతటితో సరి. నేను రాయాలనుకున్నది ఒక టీకా గురించీ, అది వేయించుకునేముందు నా మనసు వేసిన వేషాల గురించీ.

"టీచర్ గారూ, ఫ్లూ టీకా ఏటా వేయించుకోండి. దానితోపాటు న్యుమోనియా టీకా. మీకు మాత్రం ఇది తప్పదు" అని డాక్టరు గారు చీటీ రాసిచ్చారు. ఎందుకో కూడా ఓపిగ్గా చెప్పారు. గాలిగొట్టాల లోపలి గోడల మీద కంటికి కనిపించనంత సన్నని నూగు ఉంటుందట. కఫాన్నీ, దానిలో చిక్కుకున్న సూక్ష్మజీవుల్నీ అది ఎప్పటికప్పుడు పైకి నెట్టేస్తుంటుంది. ఏళ్ళ తరబడి పొగ పీలిస్తే ఆ నూగు పాడవుతుంది. కఫం లోపలే నిలవుంటుంది. న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ లాంటి క్రిమి అక్కడికి చేరిందంటే దానికి అడ్డూ ఆపూ ఉండదు. మంచి ఊపిరితిత్తులున్న మనిషి న్యుమోనియా వచ్చినా తట్టుకుని లేవచ్చు. నాలాంటివాళ్ళు లేచినా, పడకముందు ఉన్న ఊపిరి మళ్ళీ పూర్తిగా దక్కకపోవచ్చు.

అంతా విన్నాను, తల ఊపాను. చీటీ మడిచి పర్సులో పెట్టాను. అది పర్సులోనే ఉండిపోయింది.

వెల నాలుగు వేలకు కాస్త అటూ ఇటూ. నాకు పింఛను వస్తుంది, చేతిలో డబ్బు లేదనడానికి వీల్లేదు. ఆ నెలలోనే మనవరాలి కాళ్ళ పట్టీలకు అంతకు రెట్టింపు పెట్టాను, బేరం కూడా ఆడకుండా.

ఆ మనవరాలికి ఈ క్రిమి మీద టీకా పడింది. 2021లో మన రాష్ట్రంలోనూ పసిపిల్లల టీకాల పట్టికలో దీన్ని చేర్చారు. 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు, ప్రభుత్వాస్పత్రిలో ఉచితంగా వేస్తారు. "రెండు రోజులు ఆలస్యమైతే ఏం కాదులే అమ్మా" అన్న మా అమ్మాయిని కోప్పడి పంపింది నేనే. అది ఎంత పనిచేస్తుంది, ఎందరికి వేస్తే ఎందరికి మేలు అని అప్పుడు ఒక్కర్నీ అడగలేదు. నా వంతు వచ్చేసరికి మాత్రం నాకు ఎక్కడలేని పరిశోధన బుద్ధి పుట్టుకొచ్చింది.

లెక్కల టీచర్ని కదా, అంకెలు వెతికాను. ఈ జబ్బున్నవాళ్ళకు న్యుమోనియా టీకా వేసి చూసిన ప్రయోగాలన్నిటినీ కలిపి 2017లో కాక్రేన్ సంస్థ వాళ్ళు ఒక సమీక్ష ప్రచురించారు. 12 ప్రయోగాలు, 2,171 మంది. 21 మందికి టీకా వేస్తే ఒకరికి న్యుమోనియా తప్పుతోంది. 8 మందికి వేస్తే ఒకరికి ఆయాసం ఉన్నట్టుండి ముదిరిపోవడం తప్పుతోంది. మరణాలు తగ్గుతాయని మాత్రం ఆ లెక్కల్లో తేలలేదు.

చదివి సంతోషించాను. దాచుకోవడం దేనికి, సంతోషమే. సాకు దొరికింది. మా ఆయన పేపరు చదువుతుంటే వెళ్ళి, "ఇరవై ఒక్క మందికి వేస్తే ఒక్కళ్ళకేనటండీ ఉపయోగం. మిగతా ఇరవై మంది డబ్బులూ దండగేగా" అన్నాను. ఆయన "అట్లాగా" అని పేజీ తిప్పుకున్నారు. ఎనిమిది సంగతి నేను చెప్పలేదు. మర్చిపోయి కాదు, కావాలనే. ఆస్పత్రి మెట్లెక్కించేది నిజానికి ఆ ఎనిమిదే: అర్ధరాత్రి ఆయాసం, నెబ్యులైజరు, స్టెరాయిడు మాత్రలు, వారం రోజుల మంచం. దానికి భయపడే మనిషిని నేను, దాని లెక్కే మింగేశాను. ఇచ్చిన దత్తాంశంలో సగం వదిలేసి జవాబు రాసిన పిల్లవాడి కాగితం మీద ఎర్ర సున్నా చుట్టిన చెయ్యి ఇదే మరి.

ఇంకో వాదన కూడా చేశాను. వస్తే చూద్దాం, యాంటీబయాటిక్కులు ఉండనే ఉన్నాయి కదా! ఈ ముక్క నేనొక్కదాన్నే అన్నది కాదని తర్వాత తెలిసింది. 1940ల చివర అమెరికాలో న్యుమోకాకస్‌లో ఆరేసి రకాల మీద పనిచేసే టీకాలు బజారులోకి వచ్చాయి. అప్పటికే పెన్సిలిన్ వచ్చేసింది. ఇక టీకా ఎందుకని డాక్టర్లు పట్టించుకోలేదు, కంపెనీ వాటిని అమ్మడం మానేసింది. బ్రూక్లిన్‌లో రాబర్ట్ ఆస్ట్రియన్ అనే డాక్టరు మాత్రం లెక్కలు రాస్తూ కూర్చున్నాడు. 1964లో జెరోమ్ గోల్డ్‌తో కలిసి ఆయన ప్రచురించిన వ్యాసం చెప్పిందేమిటంటే, ఈ క్రిమి రక్తంలోకి చేరినవాళ్ళలో, జబ్బు మొదలైన ఐదు రోజుల్లోపే పోయేవాళ్ళను పెన్సిలిన్ కూడా పెద్దగా ఆపలేకపోతోంది. ఆ పట్టుదల వల్లే టీకా మళ్ళీ బతికింది. దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో కూలీల మీద పరీక్షించారు. 1977లో 14 రకాలకు, 1983లో 23 రకాలకు టీకాలు వచ్చాయి. ఆ క్రిమికి వందకు పైగా రకాలున్నాయి, అది వేరే సంగతి.

ఇంత చదివినా చీటీ పర్సులోనే ఉంది. అప్పుడు అర్థమైంది, నా సందేహం టీకా మీద కాదని. వైద్యానికి నేను వెనకాడను. ఇన్‌హేలరు అయిపోకముందే ఇంకోటి తెచ్చుకుంటాను. ఆయాసం వస్తే ఆటో పిలిపించుకుంటాను. జబ్బు కళ్ళముందు నిలబడితే దాని మీద పెట్టే డబ్బుకు ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు. జబ్బు రాకముందే, ఒంట్లో కాస్త బాగున్న రోజున, కేవలం నేను బాగుండాలని నాలుగు వేలు తీయడం ఉంది చూడండి, అది చేతకాలేదు. మా అమ్మ కూడా అంతే. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తిని, "నాకింతే ఇష్టం" అనేది. నేను ఉద్యోగం చేశాను, బ్యాంకు ఖాతా నా పేరున ఉంది, ఆడపిల్లలకు చదువెందుకు అన్న తండ్రులతో బళ్ళో పోట్లాడాను. లోపల మాత్రం మా అమ్మ గిన్నె పట్టుకుని అట్లాగే కూర్చుంది.

చివరికి వెళ్ళాను. నా కోసమే వెళ్ళానని రాయాలని ఉంది గానీ, అది అబద్ధం. "నువ్వు మంచాన పడితే పాప దగ్గర ఎవరుంటారమ్మా?" అంది మా అమ్మాయి. మర్నాడే బయల్దేరాను. సేవ పేరు చెబితే తప్ప నా మీద నేను ఖర్చు పెట్టుకోలేనని ఆ రోజు రుజువైంది. టీకా పడ్డ ఆ పాపా నాకు కొంత కాపలా కాస్తోందన్నది మరో నిజం. ఈ క్రిమి ఎక్కువగా చిన్నపిల్లల ముక్కుల్లో, గొంతుల్లో చేరి పెద్దవాళ్ళకు అంటుతుంది. అమెరికాలో 2000 నుంచి పసివాళ్ళకు టీకా వేయడం మొదలయ్యాక, టీకా వేయించుకోని ముసలివాళ్ళలోనూ ఆ టీకాలో ఉన్న రకాల వల్ల వచ్చే జబ్బు తగ్గింది.

ఫ్రిజ్‌లోంచి తీసి, భుజానికి ఇచ్చారు. 13 రకాల టీకా అది. ఏడాది తర్వాత 23 రకాలది వేయించుకోమన్నారు. 20 రకాలకు పనిచేసే కొత్తది వేస్తే రెండోదాని అవసరం ఉండదట. ఈ టీకాల్లో బతికున్న క్రిమి ఉండదు, కాబట్టి టీకా వల్ల న్యుమోనియా రావడమన్నది జరగదు. చెయ్యి రెండ్రోజులు సలిపింది. ఆ రాత్రి ఒళ్ళు కాస్త వెచ్చబడితే ఫోన్లు చేసి మరీ చెప్పుకున్నాను. పెట్టిన డబ్బుకు ఏదో ఒకటి కనబడాలి కదా!

ఆ తర్వాత కనబడిందేమీ లేదు. దగ్గు ఉంది, కఫం ఉంది, మెట్లెక్కితే ఆయాసం ఉంది. ఈ టీకా సి.ఓ.పి.డి.ని తగ్గించదు, ఫ్లూనూ కోవిడ్‌నూ ఆపదు, ఇన్‌హేలరు మాన్పించదు. నాకు న్యుమోనియా రాలేదు. అది టీకా వల్లో, అదృష్టం వల్లో ఎప్పటికీ తేలదు. ఎనిమిదిలో నేనెన్నోదాన్నో నాకు ఎవరూ చెప్పలేరు. లెక్కల టీచరుకు ఇది కొంచెం ఇబ్బందే.

ఇది చదువుతున్న కొడుకులకూ కూతుళ్ళకూ ఒక మాట. మీ ఇంట్లో పొగలో వండి వండి దగ్గుతున్న అమ్మో, అత్తయ్యో ఉంటే, "టీకా వేయించుకుంటావా?" అని అడగకండి. "నాకెందుకులే" అంటుంది. ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, ఆమెకు ఏ టీకా తగునో కనుక్కుని, డబ్బు మీరే కట్టేసి, అక్కడే వేయించి ఇంటికి తీసుకురండి.