ముక్తినాథ్‌కు మూట కట్టేముందు

గంజాం జిల్లా లంజిపల్లిలోనూ, బరంపురం పేటల్లోని తెలుగు ఇళ్లలోనూ యాత్ర అనగానే ముందు సిద్ధమయ్యేది పూజ సంచి. కర్పూరం, అగ్గిపెట్టె, నేతిలో తడిపిన వత్తులు, చిన్న సీసాలో నువ్వులనూనె. పూరీకి, శ్రీకూర్మానికి, సింహాచలానికి వెళ్లేటప్పుడు ఈ సంచిని ఎవరూ విప్పి చూడరు. నేపాల్‌లోని ముక్తినాథ్‌కు బయల్దేరేవాళ్లు మాత్రం దాన్ని ఇంటి దగ్గరే ఒకసారి గుమ్మరించి చూసుకోవాలి. ఇట్టే అంటుకునే కర్పూరానికి, అగ్గిపెట్టెకు, లైటరుకు విమానంలో చోటు లేదు. విమానం ఎక్కే పోఖరాలో తనిఖీ బల్ల ముందు వాటిని తీసి పక్కన పెట్టాల్సి వస్తే పెద్దవాళ్ల మనసు చివుక్కుమంటుంది. పూజాద్రవ్యాలు ఆలయం కిందనున్న రాణిపౌవా ఊళ్లోనే దొరుకుతాయి. ఇంటి నుంచి గోత్రనామాలు రాసుకున్న కాగితం తీసుకెళితే చాలు.

శ్రీవైష్ణవులకు ముక్తినాథ్ నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటి. తిరుమంగై ఆళ్వారు పాశురాల్లో కీర్తించిన సాలగ్రామ క్షేత్రం ఇదేనని సంప్రదాయం. సముద్రమట్టానికి 3,700 మీటర్ల పైన, గుడి చుట్టూ గోడకు బిగించిన 108 ధారల నుంచి మంచునీళ్లు ఏడాది పొడుగునా పడుతూనే ఉంటాయి. గుడి ముందు రెండు కుండాలు. దగ్గర్లోని జ్వాలామాయి గుడిలో నీటి చెంతనే నేలలోంచి వచ్చే సహజవాయువు నీలిమంటగా వెలుగుతుంది. టిబెటన్ బౌద్ధులకూ ఇది పుణ్యస్థలమే. మనం విష్ణువుగా కొలిచే మూర్తిని వాళ్లు అవలోకితేశ్వరుడిగా కొలుస్తారు. కింద పారే కాళీగండకిలో సాలగ్రామాలు దొరుకుతాయి. హిమాలయాలు లేవక ముందు అక్కడున్న సముద్రంలో బతికిన జీవుల శిలాజాలు అవి. సముద్రం పక్కనే పుట్టిపెరిగిన గంజాం యాత్రికుడు ఆ కొండల్లో సముద్రపు గుర్తునే చేతిలోకి తీసుకుంటాడు.

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీయాత్రకు బయల్దేరి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. తిరుగుదారిలో పూరీ నుంచి గంజాం సీమ మీదుగానే దక్షిణాదికి దిగాడు. పదిహేను నెలల ప్రయాణం. మజిలీ మజిలీకీ నీళ్లు మారాయి, గాలి మారింది, ఒళ్లు వాటికి మెల్లగా అలవాటు పడింది. ఇప్పుడు పోఖరాలో విమానం ఎక్కితే అరగంటలోపే ముక్తినాథ్ దారిలోని జొమ్సొమ్‌లో దిగుతారు. పోఖరా ఎత్తు సుమారు 800 మీటర్లు, జొమ్సొమ్‌ది 2,700 పైచిలుకు. ఈ తొందర శరీరానికి తెలియదు. కాబట్టి పాతకాలపు యాత్రికుడికి దారి నేర్పినదంతా ఇప్పటి యాత్రికుడు గడప దాటక ముందే నేర్చుకోవాలి. ఆ సన్నాహాన్ని ట్రావెల్ ఏజెంటు పనిగా వదిలేయడం తగదు. సంకల్పం చెప్పుకున్న రోజు నుంచి మొదలయ్యే వ్రతంగానే దాన్ని చూడాలి.

విమానం సంగతే చూద్దాం. బరంపురం పక్కన రంగైలుండ ఎయిర్‌స్ట్రిప్ చూసినవాళ్లకు చిన్న రన్‌వే కొత్త కాదు. కానీ అది సముద్రానికి చేరువలో, చదును నేల మీద ఉంది. జొమ్సొమ్ రన్‌వే లోయలో ఇరుక్కుని ఉంటుంది. ఒక పక్క 8,167 మీటర్ల ధవళగిరి, మరో పక్క 8,091 మీటర్ల అన్నపూర్ణ. ఆ రెంటి నడుమ ప్రపంచంలోని అతి లోతైన లోయల్లో ఒకదాని వెంట విమానం వెళ్తుంది. ఈ దారిలో ఎక్కువగా తిరిగింది కెనడాలో తయారైన ట్విన్ ఆటర్ రకం విమానం. పొట్టి రన్‌వే మీద కూడా లేవగలదు, దిగగలదు. సీట్లు పందొమ్మిది. మనుషులు, సామాను, ఇంధనం అన్నీ కలిపినా లేచేటప్పుడు బరువు 5,670 కిలోలు దాటకూడదు. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడి రెక్కలకు పట్టు తగ్గుతుంది కాబట్టి అక్కడ ప్రతి కిలోకూ లెక్క ఉంటుంది. ఒక్కొక్కరికి పదీ పదిహేను కిలోలకు మించి సామాను ఒప్పుకోరు, చేతిసంచినీ కాటా మీద పెడతారు. ఒక్కోసారి మనిషినీ తూస్తారు.

పతంజలి యమాల్లో అపరిగ్రహం ఒకటి. అవసరానికి మించి పోగుచేసుకోకపోవడమని పుస్తకంలో చదివితే తేలికగానే ఉంటుంది. రెండు ఉన్ని స్వెట్టర్లు, గాలిని ఆపే కోటు, చెవులు కప్పే టోపీ, రోజూ వేసుకునే మందులు, ముందే వాడి అలవాటు చేసుకున్న బూట్లు తూకం వేశాక పట్టుచీరకు చోటు మిగలనప్పుడు ఆ మాట బరువు తెలుస్తుంది. పట్టుచీర మానేసి మందుల డబ్బా పెట్టుకున్న అత్తగారు దేవుడికి ఏమీ తక్కువ చేసినట్టు కాదు. ఆ మందులు కూడా పెద్ద సంచిలో పడేయకూడదు. బరువు ఎక్కువైన రోజు సామాను తర్వాతి విమానంలో రావచ్చు. అందుకే బీపీ మాత్రలు, ఇన్సులిన్ చేతిసంచిలోనే ఉండాలి.

గాలి, మబ్బు. ఈ రెండే అక్కడి అసలు యజమానులు. ఎండ ముదిరేకొద్దీ కాళీగండకి లోయలో గాలి ఉధృతమవుతుంది. అందుకే విమానాలన్నీ పొద్దున్నే తిరిగి, మధ్యాహ్నానికి ముందే ఆగిపోతాయి. పైలట్ కొండను, లోయను కళ్లతో చూస్తూ నడపాలి. మబ్బు కమ్మితే దారే లేదు. ముక్తినాథ్ యాత్రికులున్న విమానం ఒకటి 2012 మే నెలలో జొమ్సొమ్ దగ్గర కూలి పదిహేను మంది పోయారు. పోఖరా నుంచి జొమ్సొమ్ వెళ్తూ 2016 ఫిబ్రవరిలో ఒక విమానం, 2022 మే 29న మరొకటి కొండను ఢీకొన్నాయి. ఆ రెండింటిలో కలిపి 45 మంది చనిపోయారు, వాళ్లలో భారతీయ కుటుంబం కూడా ఉంది. ఆ రెండుసార్లూ విమానం మబ్బుల్లో చిక్కుకుంది. ఈ మాటలు భయపెట్టడానికి కావు. పొద్దున అయిదింటికి వెళ్లి కూర్చున్నా విమానం కదలనప్పుడు “ఇంత దూరం వచ్చాం, ఎలాగైనా పంపించండి బాబూ” అని కౌంటరు దగ్గర బతిమాలడం భక్తి అనిపించుకోదు. ఆగమన్న మనిషి ఆ పూట మన ప్రాణం కాపాడుతున్నాడు. విష్ణుసహస్రనామం ఇంకోసారి చదువుకోవడానికి పోఖరా లాంజ్ కంటే మంచి చోటు ఎక్కడుంది?

2018 జూలైలో కైలాస మానససరోవర యాత్ర ముగించుకుని వస్తూ సుమారు 1,500 మంది భారతీయులు నేపాల్‌లోని సిమికోట్, హిల్సాల్లోనూ, టిబెట్ వైపునా చిక్కుకుపోయారు. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. వాన, మబ్బు పట్టి చిన్న విమానాలు, హెలికాప్టర్లు ఎగరలేదు. రోజుల తరబడి నిరీక్షణ. అలాంటప్పుడు అక్కరకొచ్చేవి వారం రోజులకు అదనంగా పెట్టుకున్న మందులు, నేపాలీ రూపాయలు, ఇంటికి ముందే చెప్పి ఉంచిన మాట: “ఫోను రాకపోతే కంగారుపడకండి, రెండు మూడు రోజులు ఆలస్యం కావచ్చు.”

ఒంటిని సిద్ధం చేసుకోవడానికి గంజాం వాసికి మంచి చోటే ఉంది. ఋషికుల్యా ఒడ్డున పురుషోత్తంపూర్ దగ్గర తారాతారిణి కొండకు 999 మెట్లు. రోప్‌వే ఉన్నా, యాత్రకు రెండు మూడు నెలల ముందు నుంచి వారానికోసారి అమ్మవారి దర్శనానికి మెట్ల మీదుగానే వెళితే మోకాళ్ల సంగతి, ఆయాసం సంగతి అక్కడే తేలిపోతాయి. అయితే కాళ్ల బలం వేరు, ఎత్తుకు తట్టుకోవడం వేరు. సాధారణంగా 2,500 మీటర్లు దాటాక తలనొప్పి, వికారం, ఆకలి మందగించడం, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. పడుచువాడికీ రావచ్చు. ముదిరితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, మెదడు వాస్తుంది. అప్పుడు వెంటనే కిందికి దిగడమే మందు. ముందు జాగ్రత్తగా కొందరికి డాక్టర్లు ఎసిటజోలమైడ్ మాత్ర రాస్తారు. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి. గుండెకు స్టెంట్ వేయించుకున్న సంగతి “చెబితే తీసుకెళ్లరేమో” అని దాచిపెట్టే పెద్దలు ప్రతి బృందంలోనూ ఉంటారు. సత్యం కూడా యమమే. తోటివాళ్ల యాత్ర ఆ మాట మీద ఆధారపడి ఉంటుంది.

మన పూర్వులు పెట్టిన మజిలీలు చూస్తే ముచ్చటేస్తుంది. జొమ్సొమ్‌కు, ముక్తినాథ్‌కు మధ్య కాగ్‌బేని ఉంది. కాళీగండకిలో ఝోంగ్ ఖోలా కలిసే చోటు, ఎత్తు సుమారు 2,800 మీటర్లు. అక్కడ పితృదేవతలకు పిండప్రదానం చేయడం ఆచారం. ఆ కార్యం కోసం ఆగి రాత్రి అక్కడే నిద్ర చేస్తే ఒంటికి కావలసిన విరామం దానంతటదే దొరుకుతుంది. మర్నాడు పైకి వెళ్లి దర్శనం చేసుకుని మళ్లీ కిందికి దిగి పడుకోవాలి. కొండలెక్కేవాళ్లకు నిపుణులు చెప్పే పద్ధతీ ఇదే. విమానం దిగి అదే పూట జీపెక్కి ధారల కిందికి పరుగెత్తేవాళ్లు ఈ మజిలీని పోగొట్టుకుంటున్నారు.

ధారల దగ్గర ఇంకో చిక్కు. 108 ధారల కిందా తలపెట్టి, రెండు కుండాల్లోనూ మునగాలని అందరికీ ఉంటుంది. ఆ చలిలో, ఆ ఎత్తులో ఒక్కసారిగా మంచునీళ్లు మీద పడితే గుండెజబ్బు ఉన్నవాళ్లకు ప్రమాదం. శాస్త్రం నీళ్లతో చేసే వారుణ స్నానాన్ని ఒక్కదాన్నే చెప్పలేదు. మంత్రస్నానం ఉంది, మానసస్నానం ఉంది. ఒక్కో ధార నీటినీ వేళ్లతో తాకి తలమీద చల్లుకుంటే ఆ తీర్థం ఫలించినట్టే. ఏకాదశి పడితే నిర్జల ఉపవాసం కూడా అక్కడ వద్దు. ఆతురులకు, వృద్ధులకు మన ధర్మశాస్త్రాలు ఎప్పుడూ మినహాయింపు ఇస్తూనే వచ్చాయి.

ఇక కాగితాలు. భారతీయులకు నేపాల్ వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉంటే చాలు. ముక్తినాథ్ అన్నపూర్ణ సంరక్షిత ప్రాంతంలో ఉంది కాబట్టి అక్కడి అనుమతి పత్రం విడిగా తీసుకోవాలి. బరంపురం నుంచి హౌరా, అక్కడి నుంచి మిథిలా ఎక్స్‌ప్రెస్‌లో రక్సౌల్, సరిహద్దు దాటి పోఖరా. తిరుగు టికెట్లకు కనీసం రెండు రోజుల ఎడం ఉంచి రిజర్వేషన్ చేయించుకోవాలి. ఎంతకీ మబ్బు విడవకపోతే బేని, తాతోపాని మీదుగా జొమ్సొమ్‌కు జీపు దారి ఉంది. రోజంతా పడుతుంది, గుంతలు, దుమ్ము. కానీ ఎత్తు మెల్లగా పెరుగుతుంది. తాతోపానిలో వేడినీటి బుగ్గలున్నాయి. అక్కడ ఒక రాత్రి ఆగి వెళ్లవచ్చు.