నేను ఏడవలేదు మేడమ్

ఎనిమిదేళ్ల కిందట, పిహెచ్‌డి చేస్తూనే ఒక డిగ్రీ కాలేజీలో గెస్టు లెక్చరర్‌గా పాఠాలు చెప్పుకుంటున్న రోజుల్లో, క్లాసులో ఒక ప్రయోగం చేశాను. ఆ రోజు పాఠం అంటరానితనం మీద ఒక కథ. పిల్లలకి కథ అర్థమవుతోంది గానీ తగలడం లేదనిపించింది. జేన్ ఇలియట్ అనే అమెరికన్ టీచర్ గురించి అప్పుడే చదివాను. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన మర్నాడు, అయోవా రాష్ట్రంలో రైస్‌విల్ అనే చిన్న ఊళ్లో, ఆవిడ తన మూడో తరగతి పిల్లల్ని కళ్ల రంగుని బట్టి రెండు గుంపులు చేసింది. ఒక రోజు ఒక గుంపు గొప్ప, ఇంకో రోజు రెండో గుంపు గొప్ప. అందరూ తెల్లపిల్లలే. జాతివివక్ష అంటే ఏమిటో వాళ్ల ఒంటికి తెలియాలని ఆవిడ ఆశ.

మా క్లాసులో అందరివీ నల్లకళ్లే కాబట్టి నేను రోల్ నంబర్లు తీసుకున్నాను. సరిసంఖ్య వాళ్లు ముందు బెంచీల్లో, బేసిసంఖ్య వాళ్లు వెనక. వెనకవాళ్లు లేచి నిలబడే మాట్లాడాలి, ముందువాళ్ల నీళ్లసీసా ముట్టుకోకూడదు. పది నిమిషాలు నవ్వులూ కేకలూ. ఆ తర్వాత ఒక అమ్మాయి లేచి, “నేనీ ఆట ఆడను మేడమ్” అని బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది.

ఆ సంఘటనని తర్వాత ఒక సెమినార్ పేపర్లో వాడుకున్నాను. “కన్నీళ్లతో నిష్క్రమించిన విద్యార్థిని” అని రాశాను. పేపరు బాగుందన్నారు. ఆ అమ్మాయి దగ్గరికి మళ్లీ వస్తాను. ఈ రకం రాత మనం ఎవరి దగ్గర నేర్చుకున్నామో ముందు చూడాలి.

1971 ఆగస్టులో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఫిలిప్ జింబార్డో నడిపిన జైలు ప్రయోగం మనలో చాలామందికి తెలిసిందే. పేపరు ప్రకటన చూసి వచ్చినవాళ్లలో 24 మంది కుర్రాళ్లని ఎంచుకున్నారు. అందరూ మగవాళ్లే. రోజుకి 15 డాలర్లు. కొందరు ఖైదీలు, కొందరు గార్డులు. సైకాలజీ భవనం నేలమాళిగే జైలు. డబ్బిచ్చింది అమెరికా నౌకాదళ పరిశోధనా విభాగం. రెండు వారాలనుకున్నది ఆరు రోజుల్లో ఆపేయాల్సి వచ్చింది.

గార్డులకి ఖాకీ బట్టలు, లాఠీలు, అద్దాల్లాంటి నల్లకళ్లజోళ్లు. మరి ఖైదీలకి? లోదుస్తులు లేకుండా, మన నైటీల్లాంటి వదులు గౌన్లు. తలకి ఆడవాళ్ల నైలాన్ మేజోళ్లతో కుట్టిన టోపీ, కాలికి గొలుసు, పేరు బదులు నంబరు. అసలు జైళ్లలో మగఖైదీలు గౌన్లు వేసుకోరని జింబార్డోకీ తెలుసు. తక్కువ వ్యవధిలో వాళ్ల మగతనం పోయినట్టు, అవమానపడ్డట్టు అనిపించాలని అలా చేశామని ఆయనే వివరించారు. గౌను వేయగానే వాళ్ల నడకా కూర్చునే తీరూ ఆడవాళ్లలా మారాయని కూడా నమోదు చేశారు. నేను ఈ ప్రయోగం గురించి మొదట చదివింది ఇరవై రెండేళ్లప్పుడు, ఈ వాక్యం దగ్గర ఆగనే లేదు. రెండోసారి చదివినప్పుడు పుస్తకం పక్కన పెట్టేశాను. మగవాణ్ణి కుంగదీయాలంటే అతి చవకైన, వేగమైన పద్ధతి ఆడబట్ట కట్టించడం. ఇది ప్రయోగం కనుక్కున్న విషయం కాదు, మొదలవకముందే ప్రయోగశాలలోకి నడిచొచ్చిన విషయం. అధికారం గురించి తేల్చాలనుకున్నవాళ్లు అధికారపు అతిపాత పనిముట్టునే వాడుకుని, దాన్ని ‘పద్ధతి’ అన్నారు.

ఇంతకంటే నన్ను కలవరపెట్టేది ‘వద్దు’ అన్న మాటకి అక్కడ జరిగింది. మొదటి రెండు రోజుల్లోనే ఒక ఖైదీ తనని బయటికి పంపించెయ్యమని అరిచి గోల చేశాడు. ఆ కేకల రికార్డింగు ఇన్నేళ్లుగా క్లాసుల్లో వినిపిస్తున్నారు, మంచి మనిషి అధికారం కింద ఎలా ముక్కలవుతాడో చూడండి అంటూ. ఆ మనిషి మాత్రం తర్వాత చెప్పింది వేరు. తనకి పరీక్షకి చదువుకోవాల్సి ఉందిట, వదలకపోయేసరికి మతి చలించినట్టు నటించాడట. ఫ్రెంచి పరిశోధకుడు తిబో ల టెక్సియే స్టాన్‌ఫర్డ్ భాండాగారాల్లో ఆనాటి కాగితాలూ టేపులూ చూసి 2018లో ఒక పుస్తకం రాశాడు. గార్డులు వాళ్లంతట వాళ్లే క్రూరంగా మారలేదనీ, కఠినంగా ఉండమని వాళ్లకి నూరిపోశారనీ అందులో బయటపడింది. ఒంటికో మనసుకో జబ్బు చేస్తే తప్ప ఖైదీలని వదలకూడదని జింబార్డో అనుకున్నట్టు కూడా ఆ టేపుల వల్లే తెలిసింది.

అంటే ‘నాకిష్టం లేదు’ చాలదు, పిచ్చెక్కాలి. ఇది వింటే మన ఊళ్ల పూనకాలు గుర్తుకురావడం లేదూ? కోడలు మామూలుగా వద్దంటే ఎవరూ వినరు. అమ్మవారు పూనితే ఇంటిల్లిపాదీ చేతులు కట్టుకుని వింటారు. అక్కడ అమ్మవారు, ఇక్కడ ‘మానసిక కుంగుబాటు’. మనిషి తన నోటితో అన్న ‘వద్దు’కి మాత్రం రెండు చోట్లా విలువ లేదు.

దాన్ని ఆపించింది క్రిస్టీనా మాస్లాక్. అప్పుడే స్టాన్‌ఫర్డ్‌లో పిహెచ్‌డి పూర్తి చేసి బర్కిలీలో ఉద్యోగంలో చేరబోతోంది. ఐదో రోజు రాత్రి, తలలకి సంచులు తొడిగి, కాళ్లకి గొలుసులు కలిపి కుర్రాళ్లని మరుగుదొడ్లకి నడిపిస్తుంటే చూసి, ఆ పిల్లల్ని మీరు చేస్తున్నది ఘోరం అని ఆయనతో గొడవపడింది. అప్పటికి చూసి వెళ్లిన యాభై మందికి పైగా బయటివాళ్లలో అభ్యంతరం చెప్పింది ఆమె ఒక్కతేనని జింబార్డోనే రాశారు. 1972లో వాళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారు. దాంతో పాఠ్యపుస్తకాలకి పని సులువైపోయింది. ఆయన ‘ప్రియురాలు’ కళ్లు తెరిపించింది! ఉద్యోగాల్లో మనుషులు లోలోపల ఎలా మాడిపోతారో, అంటే బర్న్‌అవుట్ మీద, ఆమె చేసిన పని ప్రపంచమంతా వాడుకుంటోంది. అయినా ఈ కథలో ఆమె మొదట ప్రియురాలు, తర్వాతే శాస్త్రవేత్త. ఆమె తర్కం ప్రేమకథలో కరిగిపోయింది.

దీనికి ఏడేళ్ల ముందే, 1964లో, డయానా బామ్‌రిండ్ ఇంకో ‘వద్దు’ అంది. యేల్‌లో స్టాన్లీ మిల్‌గ్రామ్ పరిశోధకుడి ఆజ్ఞకి లొంగి మనుషులు ఇతరులకి ఎంత కరెంటు షాకు ఇస్తారో చూసినప్పుడు (షాకులు నిజంవి కావు, ఆ సంగతి ఇచ్చేవాళ్లకి తెలియదు), ఆమె మనస్తత్వవేత్తల పత్రికలోనే సూటిగా అడిగింది. ప్రయోగశాలకి వచ్చిన మనిషి నమ్మకంతో, బెరుకుతో అక్కడి మాట వినడానికి ముందే సిద్ధపడి ఉంటాడు, ఆ నమ్మకాన్ని వాడుకుని దాన్నే విధేయత అనడం ఏం న్యాయం అని. నలభై మంది స్త్రీలతో కూడా మిల్‌గ్రామ్ అదే ప్రయోగం చేశాడు. చివరి స్విచ్ దాకా వెళ్లినవాళ్లు మగవాళ్లలాగే 65 శాతం, కాకపోతే స్త్రీలు ఎక్కువ ఆందోళన చెందారని 1974లో తన పుస్తకంలో రాశాడు. ఆ ఆందోళన కూడా ఒక రకం వద్దే కదా. శాతాల లెక్కలో దానికి గడి లేదు.

మా సాహిత్య పరిశోధనకి ఇవన్నీ అంటవని అనుకునేదాన్ని. పిహెచ్‌డి కోసం ముప్ఫై మంది స్త్రీలతో మాట్లాడాను. వాళ్ల అనుమతి ఎలా తీసుకున్నావని ఆ ఐదేళ్లలో నన్ను ఎవరూ అడగలేదు. నేనూ అడుక్కోలేదు.

మూడేళ్ల తర్వాత, ఎమ్మే చదువుతున్న ఆ అమ్మాయి నా పేపరు ఎక్కడో చదివి ఫోన్ చేసింది. కోపంగా లేదు. “నేను ఏడవలేదు మేడమ్. మీరెందుకలా రాశారు?” అంది. జవాబు నా దగ్గరుంది గానీ చెప్పలేకపోయాను. ఆమె వెళ్లిపోయిన రోజు సాయంత్రం నేను స్కాలర్‌షిప్ రిజిస్టర్లో ఆమె పేరు వెతికి, ఏ కులమో చూశాను. చూశాక కన్నీళ్లు వాటంతటవే వచ్చి వాక్యంలో కూర్చున్నాయి. వాకిలి దాకానే వచ్చే మనుషుల కోసం అరుగు మీద వేరే గ్లాసు పెట్టిన ఇంట్లో పెరిగినదాన్ని నేను. దళిత అమ్మాయి బాధపడటం నా ఊహకి అందింది. విసుక్కోవడం అందలేదు.

“ఇంకోటి. నాది సరిసంఖ్య మేడమ్. నేను ముందు బెంచీలో ఉన్నాను.”

పేపర్లో నేను అది రాయలేదు. అబద్ధం చెప్పలేదు, వదిలేశానంతే. చదివిన ప్రతివాళ్లూ ఆమెని వెనక బెంచీలో కూర్చోబెట్టుకున్నారు, నేనూ కూర్చోనిచ్చాను. ఆ రోజు నా ఆటలో నీళ్లసీసా ఆమె చేతిలోనే ఉంది. వెనకున్న స్నేహితురాలికి ఇవ్వకూడదన్నది రూలు. ఇలాంటి రూలు ఆమె బతుకంతా చూసింది, మొదటిసారిగా దాన్ని తను అమలు చేయాల్సి వచ్చింది. అవమానం తట్టుకోలేక కాదు, చేయలేక కాదు, చేయనని వెళ్లింది. “ఆ రోజు మా ఊరి బస్సు నాలుగింటికి గానీ లేదు. రెండు గంటలు వేపచెట్టు కింద కూర్చున్నాను. మీరొస్తారేమో అనుకున్నా” అంది.

నేను వెళ్లలేదు. క్లాసులో చర్చ బాగా సాగుతోంది మరి.

ఈ వ్యాసం రాయడానికి ఈసారి ఆమెనే అడిగాను. రాయండి అంది, షరతులతో. పేరూ ఊరూ వద్దు. ఏడవలేదని రాయాలి. ముందు బెంచీ అని రాయాలి. అచ్చుకి పంపేముందు చదివి వినిపించాలి. నిన్న రాత్రి ఫోన్లో చదివాను, నా రిజిస్టర్ సంగతితో సహా. అక్కడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “ఆ జైలు గొడవ బాగా సాగదీశారు మేడమ్” అంది. రెండు పేరాలు తీసేశాను.