బ్రేకులెవరివి?

2020లో స్కోడా మన దేశంలో అమ్మకానికి పెట్టిన 200 ఆక్టావియా ఆర్‌ఎస్ 245లలో ఒకటి, సెకండ్ హ్యాండ్‌ది, నా దగ్గరుంది. 245 గుర్రాల బలం. ‘రీమ్యాప్ చేయించరా, ల్యాప్‌టాప్ పెడితే అయిపోయే పని, ఇంకా గుర్రాలొస్తాయి’ అంటాడు ఫ్రెండ్. వస్తాయి. కానీ వేగం రెట్టింపైతే బ్రేకులు మింగాల్సిన శక్తి నాలుగింతలు. ల్యాప్‌టాప్ బ్రేకుల్నేమీ మార్చదు.

హైదరాబాద్ ఔటర్ మీద హద్దు 120. అంతకు మించిన బలం నీకెందుకంటే, ఇష్టం తప్ప నా దగ్గర వేరే జవాబు లేదు. ఆ ఇష్టానికి డబ్బులు నేను కడతాను, సరే. ఔటర్ దిగాక సర్వీస్ రోడ్డు దాటే మనిషి దేంతో కడతాడు? ఇంజన్ నాది. టైర్లూ, ప్యాడ్లూ, రెండేళ్లకోసారి మార్చే బ్రేక్ ఆయిలూ మాత్రం సగం ఆయనవే అనిపిస్తుంది. ఈ మాటంటే ఫ్రెండ్ నవ్వుతాడు. ఈసారి బోనస్ ప్యాడ్లకీ టైర్లకీ పోయింది.