పది నిమిషాల టీ

హైదరాబాద్‌లో ఓ కుర్ర నెట్‌వర్క్ ఇంజనీరు. విజయవాడ గోడౌన్‌లో ఉన్న జూనిపర్ ఫైర్‌వాల్‌ బాధ్యత అతనిది. దాని 22వ పోర్టు ఊరందరికీ తెరిచి ఉంది. ఎవరెవరో రాత్రింబవళ్లు పాస్‌వర్డ్‌లు కొట్టి చూస్తున్నారు, లాగ్ నిండా అదే గోల. ఓ రాత్రి ఆఫీసులోనే ఉండిపోయి, ఎస్ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్లి, తమ ఆఫీసు ఐపీ అడ్రసు నుంచి తప్ప ఎవరినీ రానివ్వొద్దని ఫిల్టర్ రాశాడు. 'కమిట్' కొట్టాడు.

స్క్రీన్ కదల్లేదు. ఎంటర్ మీద ఎంటర్ కొట్టాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. అడ్రసు చివర 14 బదులు 41 పడింది. పెట్టె మాత్రం చెప్పిన మాట చెప్పినట్టే విన్నది.

తెల్లవారుజామున బస్సెక్కాడు. కన్సోల్ కేబుల్ గుచ్చి, 'రోల్‌బ్యాక్ 1', 'కమిట్'. అంతే పని. వాచ్‌మన్ "అప్పుడే అయిపోయిందా సార్?" అన్నాడు. సీనియర్ తిట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

వారం తర్వాత ఆ సీనియర్ ఇంకో బ్రాంచి ఫిల్టర్ మారుస్తుంటే కుర్రాడు పక్కన నిలబడ్డాడు. ఆయన కొట్టింది 'కమిట్ కన్ఫర్మ్‌డ్ 10'. స్క్రీన్ బిగుసుకుపోయింది.

"సార్, మీరూ పోయారు!"

"పోతాం బాబూ, ఎన్నిసార్లు పోలేదు! పద, టీ తాగొద్దాం."

తిరిగొచ్చేసరికి తలుపు తెరిచే ఉంది. 10 నిమిషాల్లో రెండో 'కమిట్' అందకపోయేసరికి పెట్టె తనంతట తానే పాత కాన్ఫిగరేషన్‌కు వెళ్లిపోయింది. ఆయన తప్పు దిద్ది మళ్లీ అదే కమాండు కొట్టారు. పాత విండో మూయకుండా, కొత్త విండోలోంచి లాగిన్ అయి చూసుకున్నాకే రెండో 'కమిట్'.

నీతి: దూరాన ఉన్న తలుపుకు తాళం మార్చేవాడు తన చేతి నేర్పును కాదు, తన చేతి తప్పును లెక్కలో వేసుకోవాలి.

సిస్కో రౌటర్లలో ఈ పనికి 'రీలోడ్ ఇన్ 10' వాడతారు. గడువు తీరగానే పెట్టె రీస్టార్టవుతుంది, సేవ్ చేయని తప్పు కొట్టుకుపోతుంది. అన్నీ సవ్యంగా ఉంటే 'రీలోడ్ క్యాన్సిల్' కొట్టడం మరిచిపోకూడదు. మరిచిపోతే పట్టపగలు బ్రాంచి మొత్తానికి నెట్ పోతుంది, అప్పుడు టీ తాగే తీరిక కూడా ఉండదు.