భృతియు విద్యయు

ప్రత్యుపకారమాశింపక యిచ్చినదే సాత్త్వికదానమని భగవద్గీత పదునేడవ అధ్యాయము నిర్ణయించుచుండగా, శిక్షణ పొంది పిదప మా భృతి విడువుమను నియమముతో పేదకు ప్రభుత్వ మొసగునది దానమా, బేరమా?

నిర్మల్ పట్టణమున నరుగుపై కూర్చుండి, తడిపిన తునికాకును కత్తిరించి, పొగాకు నింపి చుట్టి, దారము బిగించు స్త్రీ వ్రేళ్ల వేగము చూచినవారు ఆమెను పని రానిదన జాలరు. బీడీ కార్మికులకు తెలంగాణ ప్రభుత్వము ఆసరా పేర నారంభించిన నెలభృతి, వారి దగ్గునకును నడుమునొప్పికిని సమాజము తీర్చు ఋణశేషమే కాని భిక్ష కాదని నా తలంపు. ఋణము తీర్చువానికి నియమములు విధించు నధికార మెక్కడిది?

అయినను 2019లో కేంద్ర మారంభించిన ఉన్నతి పథకము, ఉపాధి హామీలో నూరు దినములు పూర్తిచేసిన కుటుంబమున కొకరు చొప్పున 18–45 ఏండ్లవారికి శిక్షణతోపాటు ఆ కాలపు కూలినిగూడ నొసగ నుద్దేశించుట మెచ్చదగినది. ఆకలిగొన్నవానిని ముందు నేర్చుకొనుమనుట అధర్మము గదా!

నేర్చినంతమాత్రమున బ్రతుకు తెరువు దొరకునా యనునది వేరు మాట. పొనికికొయ్యను చెక్కి, రంపపుపొట్టును చింతగింజల జిగురుతో కలిపి అతుకులు పూడ్చి బొమ్మలు చేయు నిర్మల్ నకాషీలకు విద్య కొదవ లేదు, కొదవయైనది పొనికికొయ్య. కావున శిక్షణాలయమున నేను మొదట నడుగదలచునది, ఈ పనికి కూలి యిచ్చువా డెవడని.